ఆడిటరుగారి వాట్సాపు సందేశము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్య రచింపబూనినప్పుడు, మూలమున లేనిది వ్రాయననియు, అవసరము కానిది పలుకననియు ప్రతిన పట్టినాడు. ఆ ప్రతిన ఆయనకు చెల్లినది. ఆయనకు దొరకిన మూలములు అటువంటివి. నాకు దొరకిన మూలమో, జగ్గయ్యపేటలో మా తమ్ముని కిరాణా దుకాణమునకు లెక్కలు చూచు ఆడిటరుగారు, ఈ 2026 మార్చి మొదటి వారమున ఒకనాటి రాత్రి, మా ఇంటివారము ఉన్న వాట్సాపు గ్రూపునకు పంపిన అయిదు వాక్యముల సందేశము. చిరకాలము కళాశాలలో ప్రబంధములు పాఠము చెప్పి ఇప్పుడు పెన్షను పుచ్చుకొనుచున్న నాకు, ఏ వాక్యము కంటబడినను అన్వయము కుదుర్పబోవుట వ్యసనమైపోయినది, అదియునుగాక, సందేశము వచ్చిన మఱుక్షణమే తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, ఇంతకీ ఆయన ఏమంటున్నట్టు?" అని అడిగినాడు. శిష్యుడు ప్రశ్నించిన పిదప వ్యాఖ్యాత మౌనము వహించుట సంప్రదాయ విరుద్ధము.

మూలము

సార్ నమస్తే. ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం. ఓల్డా న్యూవా తేల్చి చెప్పండి. షాపు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు 25 లోపు పంపండి. లేటైతే మన చేతిలో ఉండదు.

టీక

సార్ — సంబోధనము. ఇది ఏకవచనమా బహువచనమా, పుంలింగమా స్త్రీలింగమా అని శంక కలుగును. గ్రూపున ఆడిటరుగారు గాక ఉన్నవారము నలుగురము: నేను, తమ్ముడు, మరదలు, హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న తమ్ముని కొడుకు. దుకాణపు జీఎస్టీ రిజిస్ట్రేషను మా మరదలి పేరిట ఉన్నది గనుక ఈ సందేశమునకు న్యాయముగా అధికారిణి ఆమెయే. అయినను ఆడిటరుగారు ఇన్నేండ్లుగా ఆమెను "సార్" అనుచునే ఉన్నారు, ఆమెయు "చెప్పండి సార్" అని బదులిచ్చుచునే ఉన్నది. ఈ శబ్దము ఉభయలింగమని దీనివలన తేలినది. ప్రసంగవశమున ఒక మాట. పేరు భార్యది, పెట్టుబడి భర్త ఇచ్చినది అయినచో, ఆ పెట్టుబడిపై వచ్చు ఆదాయము తిరిగి భర్త లెక్కలోనే కలియునని చట్టము. దీనిని లెక్కలవారు క్లబ్బింగు అందురు. మా మరదలు పుట్టింటివారు ఇచ్చిన పొలమును అమ్మి ఆ డబ్బుతో దుకాణము పెట్టినది కావున ఆ చిక్కు మాకు లేదు. ఆ సంగతి ఆమె ఏటేట మార్చి నెలలో ఒకసారి మా తమ్మునికి జ్ఞాపకము చేయుచుండును.

నమస్తే — మంగళాచరణము. నిర్విఘ్న పరిసమాప్తి దీని ఫలము. పోర్టలు తెఱచుకొనని దినములలో ఆడిటర్లకు దీని అవసరము మిక్కుటము.

ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం — ఈ వాక్యమున క్రియ లేదు. "అమలగును" అని అధ్యాహారము చేసికొనవలెను. ఏ చట్టము? ఆదాయపు పన్ను చట్టము, 2025. అంతకు పూర్వము? 1860లో జేమ్సు విల్సను దొర, సిపాయిల తిరుగుబాటువలన ఖజానాకు పడిన గండిని పూడ్చుటకై ఈ దేశమున ఆదాయపు పన్నును నాటుచు, ఇది మీకు క్రొత్తది కాదు సుమా అని మనుస్మృతిని సాక్ష్యమునకు పిలిచినాడు; ఆ ఏడే ఆయన కలకత్తాలో కాలధర్మము నొందినాడు, పన్ను మాత్రము నిక్షేపముగా బ్రతికినది. తరువాత 1922లో ఒక చట్టము, 1961లో మఱియొకటి. ఈ కడపటిది 1962 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చి, అరువది నాలుగేండ్లు ఏలి, ఈ మార్చి 31వ తేదీ రాత్రితో విరమించుచున్నది. దాని తుది సెక్షను సంఖ్య 298 మాత్రమే గాని, ఏటేట ఫైనాన్సు చట్టములు నడుమనడుమ ఏ, బీ, సీ అని కొమ్మలు అంటుగట్టగా, మొత్తము ఎనిమిది వందలు దాటినది. భారతమున ప్రక్షిప్తములవలె, ఏది మూలమో ఏది అతుకో తెలియని స్థితి వచ్చినది. క్రొత్త చట్టమునకు 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదము లభించినది. దీనికి 536 సెక్షనులు, 23 అధ్యాయములు, 16 షెడ్యూళ్లు. పాతదానిలో అయిదు లక్షలకు పైబడిన పదములు ఉండగా, దీనిలో సుమారు రెండు లక్షల అరువది వేలు మాత్రమే.

సగము పదములు ఎక్కడికి పోయినవి? ఇది వ్యాఖ్యాతలు ఆగి ఆలోచింపవలసిన చోటు. పాత చట్టమున ప్రతి సెక్షనునకు అడుగున "ప్రొవైజో" అని ఒకటి, దానికి మఱియొకటి, వానిక్రింద "ఎక్స్‌ప్లనేషను" అని వేఱొకటి ఉండెడివి. అనగా మూలము, మూలము క్రింద "అయితే" అను అపవాదము, దానిక్రింద టీక. మూలకర్తయే వ్యాఖ్యాతయై తన మాటను తానే విప్పి చెప్పుకొనుట మన శాస్త్రములలోను ఉన్నదే గాని, విప్పినకొలది ముడి బిగియుట పన్ను శాస్త్రమునకే చెల్లినది. క్రొత్త చట్టమున సుమారు 1,200 ప్రొవైజోలను, 900 ఎక్స్‌ప్లనేషనులను తొలగించి, వాని సారమును పట్టికలుగను, సూత్రములుగను కూర్చినారు. వ్యాఖ్యాతల వృత్తిపై ఇది ప్రత్యక్షమైన దాడి. మా ఆడిటరుగారు సందేశమును అయిదు వాక్యములకు కుదించుటకు ఈ గాలి సోకుటయే కారణమై ఉండును.

విశేషము. పాత చట్టమున "ప్రీవియస్ ఇయర్" అను పారిభాషిక పదము ఒకటి కలదు. పూర్వ సంవత్సరమనగా గడచిన ఏడు అని లోకము అనుకొనును; చట్టము మాత్రము ఆదాయము వచ్చుచున్న ఏటినే, అనగా మనము బ్రతుకుచున్న వర్తమాన సంవత్సరమునే, పూర్వమనెడిది. పన్ను కట్టించుకొను మఱుసటి ఏడు "అసెస్‌మెంట్ ఇయర్". వర్తమానమును భూతముగను, భవిష్యత్తును వర్తమానముగను చూచు ఈ యోగదృష్టి సామాన్యులకు అలవడలేదు. మా తమ్ముడు ఎన్నిమార్లో బ్యాంకు చలానాలో సంవత్సరము తప్పుగా వ్రాసి, డబ్బు ఒక ఏటికి, బాకీ ఒక ఏటికి జేసి తిరిగినాడు. క్రొత్త చట్టము 3వ సెక్షనున ఈ రెండు మాటలను తీసివేసి "టాక్స్ ఇయర్" అని ఒక్కటే ఉంచినది. ఇది నాకు నచ్చినది; ఈ చట్టమున నాకు నిస్సంకోచముగా నచ్చినది ఇదియొక్కటే.

అయినను ఒక మెలిక. 2026 మార్చి 31తో ముగియు ఏటి ఆదాయమునకు ఈ జూలైలో వేయు రిటర్ను పాత చట్టము ప్రకారమే. చనిపోయిన చట్టమునకు కర్మకాండ జరుగవలసి ఉన్నది గదా. అందుకే క్రొత్త చట్టము తన చిట్టచివరి 536వ సెక్షనున పాతదానిని రద్దుచేయుచునే, దాని కాలపు వ్యవహారములను దాని చేతికే విడిచినది. కావున రాబోవు ఏడు ఇంటివారికి రెండు చట్టములతో సంసారము: జూలైలో రిటర్ను పాతదానికి, ఏప్రిల్ నుండి జీతములోను వడ్డీలోను కోసికొను టీడీఎస్ క్రొత్తదానికి. సంఖ్యలు సైతము మాఱినవి. మా తరమువారికి ఎల్ఐసీ ఏజెంటు ముఖముతో ముడిపడిన 80సీ ఇకమీదట 123. పన్నెండు లక్షలవఱకు పన్ను లేకుండజేయు 87ఏ ఇకమీదట 156. రేట్లు మాఱినవా అని తమ్ముడు అడిగినాడు. ఈ చట్టము భాషను, వరుసను, సంఖ్యలను మార్చినది గాని రేట్లను మార్చలేదు. పేరు మార్చిన వీధిలో ఇల్లు అక్కడనే ఉన్నట్లు.

ఈ మార్చి 19న ఉగాది. ఆనాడు మొదలైన సంవత్సరమునకు పేరు పరాభవ. క్రొత్త పన్ను చట్టము పరాభవ నామ సంవత్సరమున తొలి పక్షముననే ప్రవేశించుట శాసనకర్తలు పంచాంగము చూడకుండుటచేత జరిగినదా, చూచియే జరిగినదా అను విషయమున మౌనము మేలు.

ఓల్డా న్యూవా — ఇది ఈ మూలమునకు హృదయస్థానము. ముందు సంధి. ఓల్డు + ఆ = ఓల్డా; ఉకారము లోపించినది, ఉత్వసంధి, దోషము లేదు. న్యూ + ఆ అన్నచోట చిన్నయసూరి బాలవ్యాకరణము ననుసరించి యడాగమము వచ్చి "న్యూయా" కావలెను. ఆడిటరుగారు "న్యూవా" అని వకారము ప్రయోగించినారు. ఇది లోకవ్యవహారము, ఆర్ష ప్రయోగముగా సమర్థింపవచ్చును. ఋషులకు గల స్వాతంత్ర్యము మార్చి నెలలో ఆడిటర్లకును కలదు.

ఇక అర్థము. ఓల్డు, న్యూ అనునవి చట్టములు కావు, పన్ను లెక్కకట్టుటకు రెండు మార్గములు. పాత మార్గమున రేట్లు ఎక్కువ. కాని నీవు దేనికి ఖర్చుపెట్టితివో చెప్పినచో కొంత తగ్గింతురు: జీవిత బీమా, పిల్లల స్కూలు ఫీజు, పీఎఫ్ కలిపి లక్షన్నర. ఇంటి అప్పు వడ్డీ రెండు లక్షలు. ఆరోగ్య బీమా, ఇంటి అద్దె వేఱుగా. క్రొత్త మార్గమున మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. ఆపైన నాలుగేసి లక్షల మెట్లు, ఒక్కొక్క మెట్టునకు అయిదేసి వంతులు పెరుగుచు, 24 లక్షలు దాటిన తరువాత నూటికి ముప్పది. మొత్తము ఆదాయము పన్నెండు లక్షలు మించనిచో, లెక్కకు వచ్చిన అరువది వేల పన్నును రిబేటు పేరిట మాఫీ చేయుదురు. జీతగానికి, నావంటి పెన్షనుదారునకు 75,000 స్టాండర్డు డిడక్షను అదనము. ఏమియు చెప్పకున్నచో క్రొత్త మార్గమే వర్తించును; మౌనము న్యూకు అంగీకారము. జీతగాడు ఏటేట మార్గము మార్చుకొనవచ్చును. వ్యాపారికి ఆ స్వేచ్ఛ లేదు. ఒకసారి పాతదానికి పోయి క్రొత్తదానికి తిరిగివచ్చినచో మఱల పాత గడప త్రొక్కరాదు.

ఇచట మా తమ్ముని కొడుకు పూర్వపక్షము చేసినాడు: "పెదనాన్నా, నాకు పన్నెండు లోపే కదా, జీరో. నాకెందుకీ గొడవ?" వాని జీతము 11,75,000. డిడక్షను పోగా పదునొకండు లక్షలు, పన్ను సున్న. నిజమే. కాని వాడు ఈ ఏడు షేర్లు కొని, ఏడాది తిరుగకుండ అమ్మి, నలువది వేలు లాభము గడించినాడు. ఆ లాభమునకు రేటు వేఱు, నూటికి ఇరువది. రిబేటు ఆ లాభమును తాకదు. ఎనిమిది వేలు, దానిపై సెస్సు నాలుగు వంతులు, వెరసి 8,320 రూపాయలు కట్టవలసినదే. ఈ సమాధానము విని వాడు చాలసేపు ఏమియు అనలేదు. తరువాత "అది ఎవరూ చెప్పరేం?" అన్నాడు. మఱియొక శంక: ఆదాయము పన్నెండు లక్షల పదివేలయినచో, పదివేలు ఎక్కువ వచ్చినందుకు అరువది ఒక వేయి అయిదు వందలు కట్టవలెనా? అక్కఱలేదు; మార్జినల్ రిలీఫ్ అను దయ ఒకటి కలదు. పైన వచ్చిన పదివేలే తీసికొని, సెస్సు చేర్చి, విడిచిపెట్టుదురు.

ఈ సందర్భమున మూలము చెప్పక విడిచిన మాట ఒకటి చెప్పవలెను. మల్లినాథుని ప్రతిన నాకు లేదు గనుక చెప్పుచున్నాను. మా ఇంట అటకమీద ఒక రేకుపెట్టె కలదు. అందులో మా తమ్ముడు పెండ్లియైన నాటినుండి పాత మార్గమునకై భద్రపఱచిన రసీదులు కట్టలు కట్టలుగా ఉన్నవి. ఆ కట్టలు విప్పినచో, పిల్లవాడు ఏ ఏట ఏ బడి మాఱినాడో, మా అమ్మకు కంటి ఆపరేషను ఎప్పుడు జరిగినదో, ఇల్లు ఏ నెలలో మొదలై ఏ ఏట అప్పు తీఱినదో, ఏ ఏజెంటు మొగమోటమునకు అక్కఱలేని పాలసీ తీసికొన్నారో అంతయు తెలియును. పాత మార్గము ఇంటిని అడిగి, ఇంటి కథ విని, ఆ పిదప పన్ను వేసెడిది. కొంత అబద్ధము చెప్పించుకొని కూడ విన్నది, ఉన్న ఇంటికే అద్దె రసీదులు పుట్టించినవారిని మనము ఎఱుగుదుము. క్రొత్త మార్గము ఏమియు అడుగదు. ఎంత వచ్చినది? ఇంత. ఇంత కట్టుము. ఉగాదినాడు పంచాంగ శ్రవణమున ప్రతి రాశికి ఆదాయము, వ్యయము అని రెండు అంకెలు చెప్పుదురు. క్రొత్త మార్గమునకు రెండవ అంకెతో పనిలేదు. లెక్క తేలిక, చాలామందికి పన్నును తక్కువ. మా కుటుంబమున నలుగురికిని న్యూయే లాభమని కాగితముపై వేసి చూచితిమి. అయినను, ఆ పెట్టె ఇక ఎవరికిని చూపనక్కఱలేదని చెప్పినప్పుడు మా మరదలు, "పోనీలెండి బావగారూ, పారేయకండి, ఉండనీండి" అన్నది.

షాపు బిల్లులు — ఇచట షష్ఠీతత్పురుషము. మన పెద్దలు చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములతో వ్యాపారము గడపినారు. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలోను, ఎవరి పద్దు వారి ఖాతాన ఆవర్జాలోను. ఇప్పుడు మూడవ పుస్తకము ఒకటి ప్రవేశించినది, అది మన దగ్గఱ ఉండదు, జీఎస్టీ పోర్టలున ఉండును. మనము సరుకు కొని పన్నుతోసహా డబ్బు కట్టినను, అమ్మినవాడు తన బిల్లు అచట ఎక్కింపనిచో ఆ పన్ను మనకు జమ కాదు. ఒకని కర్మ ఫలము మఱియొకడు అనుభవింపడని వేదాంతులు చెప్పుదురు. వారెవరును టోకు వర్తకునివద్ద సరుకు కొని ఉండరు.

2025 సెప్టెంబరు 22న, శరన్నవరాత్రుల తొలినాడు, జీఎస్టీలో 12 వంతుల మెట్టును 28 వంతుల మెట్టును తీసివేసి, ముఖ్యముగా 5, 18 వంతులను మిగిల్చి, విలాసములకు, పాపపు వస్తువులకు 40 ఉంచినారు. సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టు 18 నుండి 5కు దిగినవి. నెయ్యి 12 నుండి 5కు. వ్యక్తులు తీసికొను జీవిత, ఆరోగ్య బీమాలపై పన్ను పూర్తిగ పోయినది. నోటు పుస్తకములకు 12 పోయి సున్న అయినది. అమ్మువానికి సున్న ఆనందముగా తోచును గాని, సున్న పన్ను సరుకునకు కొన్నప్పుడు కట్టిన పన్ను జమ చెల్లదు, తిరుగగట్టవలెను. కావుననే అమావాస్యనాటి రాత్రి, ఊరంతయు బతుకమ్మల మాటలోను దసరా మాటలోను ఉండగా, మా తమ్ముడు దుకాణమున నేలపై కూర్చుండి నోటు పుస్తకములు లెక్కించుచుండెను. సబ్బులకు ఈ బాధ లేదు. అవి 5కు అమ్మినను 18 జమ నిలుచును.

ఆ నవరాత్రులతో తీఱిన పాత వివాదము ఒకటి స్మరింపదగినది. 2020లో కర్ణాటకలోని అడ్వాన్స్ రూలింగు పీఠము పరోటా రొట్టె కాదని, కావున దానికి రొట్టె రేటు 5 కాక 18 వంతులు చెల్లవలెనని తీర్పు చెప్పినది. రెండును పిండియే, రెండును పెనము మీదనే. పొరలు ఉండుటచేత జాతి మాఱునా అను ఈ చర్చ తార్కికులకు పండుగ. రొట్టెకు పరోటాకు భేదము లేదని, రెండింటికిని సున్నయని ఇప్పుడు శాసనమైనది. తర్కశాస్త్రమునకు మంచి ఉదాహరణ పోయినది, అంతే.

సరుకుల వ్యాపారికి రిజిస్ట్రేషను ఏటికి ఎంత అమ్మకము దాటినచో తప్పదు అనగా, ఆంధ్రప్రదేశమున 40 లక్షలు, తెలంగాణమున 20 లక్షలు; 2019లో తక్కిన పెద్ద రాష్ట్రములు పరిమితిని రెట్టింపు చేసినప్పుడు తెలంగాణము పాతచోటనే నిలిచినది. మా మరదలి తమ్మునికి కోదాడలో చిన్న దుకాణము, అమ్మకము ముప్పది లక్షలు. అతడు కాంపోజిషను పద్ధతిలో నూటికి రూపాయి చొప్పున కట్టుచున్నాడు. అదే దుకాణము సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో ఉన్నచో రిజిస్ట్రేషనే అక్కఱలేదు. ఈ సంగతి తెలిసిననాడు అతడు, "అయితే షాపు అటు జరపాలా బావా?" అని మా తమ్ముని అడిగినాడట.

బ్యాంకు స్టేట్‌మెంట్లు — వీనిని అడుగుట ఆడిటరుగారి మర్యాద. వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకము అన్నియు ఏఐఎస్ అను పత్రమున ముందే చేరి ఉండును; మనము చెప్పు మాట దానితో సరిపోవునా అని చూచుటకే ఇది. డాలసులో ఉన్న తమ్ముని కూతురు తల్లికి పంపిన డబ్బుపై పన్ను పడునా అని మరదలు అడిగినది. కూతురు తల్లికిచ్చిన కానుకకు ఇచట పన్ను లేదు. అచట 2026 జనవరి 1 నుండి నగదుగాను మనీ ఆర్డరుగాను విదేశములకు పంపు డబ్బుపై నూటికి ఒకటి వసూలు చేయుచున్నారు. బ్యాంకు ఖాతానుండి పంపినదానికి అది అంటదు. పిల్ల బ్యాంకునుండియే పంపుచున్నది. స్టేట్‌మెంట్లతో సరిపెట్టక, సోదా సందర్భమున బీరువా తాళము వలెనే మెయిలు తాళము సైతము దాటిపోవు అధికారము క్రొత్త చట్టపు 247వ సెక్షను అధికారులకు ఇచ్చుచున్నదని చెప్పగా, మా తమ్ముడు, "నా పాస్‌వర్డు నాకే గుర్తులేదు, వాళ్లకి దొరికితే నాకూ చెప్పమను" అన్నాడు.

25 లోపు — లోపు అనగా లోపల. దీనిని లోపముతో కలుపరాదు గాని, మా ఇంట రెండును ఒకటియే. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఉద్యోగులు ఏటి లెక్కలను ఆషాఢమున తెచ్చి ఒప్పగింపవలెనని విధించినాడు. మన జీతగాండ్రకు రిటర్ను గడువు జూలై 31, అదియు ఇంచుమించు ఆషాఢమే. శుభకార్యములు లేని మాసమున లెక్కలు పెట్టుట ప్రాచీన వివేకము. మూలమున అనుక్తమైన తేదీ మఱియొకటి కలదు, మార్చి 15: ముందస్తు పన్ను తుది వాయిదా. అది దాటినచో వడ్డీ. ఆడిటరుగారు దీనిని ఏల చెప్పలేదు? డిసెంబరులోనే చెప్పినారు, పైకి జరిపి చూడగా కనబడినది.

లేటైతే మన చేతిలో ఉండదు — "మన" అను సర్వనామము తెలుగునకు సొత్తు. వినువానిని కలుపుకొన్నచో మన, వెలివైచినచో మా. ఇచట ఆడిటరుగారు "నా చేతిలో ఉండదు" అనలేదు, "మీ చేతిలో" అనలేదు, మన అన్నారు. జీఎస్టీ రిటర్ను ఒకనాడు ఆలస్యమైనచో యాబది రూపాయలు, అమ్మకమే లేనిచో ఇరువది; ఆ రూపాయలు చెల్లించుచోట "మన" ఉండదు, "మా" మాత్రమే. అయినను ఆ ఒక్క అక్షరమున ఆత్మీయత ఉన్నది. మా తమ్ముడు ఆయనను మార్పకుండుటకు ఇదియే కారణము.

తాత్పర్యము

కాగితములు పంపవలెను.

గద్య

ఇది, ఒకప్పుడు కృష్ణా జిల్లాలోను ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోను ఉన్న జగ్గయ్యపేటలో, తమ్ముని ఇంటి వసారాలో, రేకుపెట్టె ప్రక్కన కూర్చుండి, మార్చి 24వ తేదీ రాత్రి రచింపబడినదియు, మరదలి చేత షాపు బిల్లులన్నియు ఫోటోలు తీయబడి పంపబడగా, తమ్ముని చేత బొటనవ్రేలి బొమ్మతో ధ్రువపఱుపబడగా, వ్యాఖ్యాత పెన్షను స్టేట్‌మెంటు మాత్రము ఇంకను దొరకనిదియు నగు ఆడిటర్ సందేశ వ్యాఖ్యయందు సర్వము.